కరియమ్మకు రావలసిన సింబి

బళ్ళారి, కౌల్‌బజార్
2007 ఫిబ్రవరి

తాతా,

ఆదివారం నేను మాటలు పట్టే మిషన్ బయటికి తీయగానే నువ్వు లేచి మేకకు నీళ్ళు పెట్టడానికి పోయినావు. తిరిగొచ్చి కూర్చున్నాక మళ్ళీ మీట నొక్కినాను. మళ్ళీ నీకు మేక గుర్తొచ్చింది. పాపం ఆ మేక, దాహం లేకుండానే బకెట్టు నీళ్ళు తాగింది. ఇంటికొచ్చి వింటే ఏముందో తెలుసా? లారీల హారన్లు, నీ దగ్గు, "ఏముంది చెప్పేదానికి" అనే ఒక్క మాట.

ఫోన్లో కూడా నువ్వు ఊ, ఆ తప్ప అనవు. అమ్మే ఉపాయం చెప్పింది. తను చర్చివాళ్ళ హాస్టల్లో చదివేటప్పుడు నువ్వు ఉత్తరాలు వ్రాసేవాడివంట. ఎదురుగా ఉంటే నోరు విప్పని మనిషి కాగితం మీద మాత్రం నాలుగు మాటలు చెప్పేవాడంట. అందుకే ఈ ఉత్తరం. లోపల కవర్లు, స్టాంపులు కూడా పెట్టినాను. సాకు చెప్పకు.

మా కాలేజీలో ఇనుపరాయి గనుల తొలినాళ్ళ మాటలు పోగుచేస్తున్నాము. యంత్రాలు రాకముందు చేతులతో పనిచేసినవాళ్ళవి. ఇప్పుడు పేపర్లో కొండ అంటే హెలికాప్టర్లు, కొత్త బంగళాలు. ఆ కొండ కింద మొదట గుడిసె వేసుకున్నవాళ్ళు ఏం తిన్నారు, యాడ పడుకున్నారు, దేనికి నవ్వుకున్నారు అని ఎవరూ అడగలేదు. గొప్ప సంగతులు నాకు వద్దు. చిన్నవే వ్రాయి.

నీ మనవరాలు
వినీల


ఎర్రగుడ్డ క్యాంపు
ఫిబ్రవరి

అమ్మా వినీలకు తాత హనోకు దీవెనలు.

నేను బాగున్నాను. దగ్గు ఉంది. అది ఈ ఊళ్ళో అందరికీ ఉంది. మేక బాగుంది.

నువ్వు అడిగినవి వ్రాస్తున్నాను. మా నాయన హగరి ఏటి దగ్గర నుంచి వచ్చినాడు. వానలు లేని ఏడు. అప్పటికి నాకు మీసం రాలేదు. కొండ కింద జొన్నదంట్లతో గుడిసెలు వేసినాము. ఊరికి పేరు లేదు. క్యాంపు అన్నారు. ఇప్పటికీ అదే.

మగవాళ్ళు గడ్డపారతో కొండను పెరికేది, సమ్మెటతో పగలగొట్టేది. ఆడవాళ్ళు గంపల్లో మోసి లారీలో పోసేది. తినేదానికి జొన్నసంగటి, ఉల్లిగడ్డ కారం. పనిముట్లు పెట్టే రేకుల షెడ్డే ఆదివారం మాకు చర్చి. గడ్డపారలు మూలకు జరిపి మోకరించేది. పాస్టరుగారు సండూరు నుంచి సైకిల్ మీద వచ్చేవారు. వచ్చేటప్పుడు తెల్ల అంగీ, పోయేటప్పుడు ఎర్ర అంగీ.

కొండ ఎర్రదుమ్ముకు తెల్లగుడ్డ ఇక్కడ నిలవదు. ఒక పెండ్లిలో పిల్ల తెల్లచీర కట్టుకొని షెడ్డు దాకా నడిచి వచ్చింది. సాయంత్రానికి అది ఎర్రచీర అయింది. అందరూ నవ్వినారు. పిల్ల కూడా నవ్వింది.

ఇంతే. ఇంకేముంది.

తాత


బళ్ళారి
మార్చి

తాతా,

ఆ పెండ్లికూతురు మా ఎలిజబెత్ అవ్వే కదా? అంతా వ్రాసి పేరు మాత్రం వ్రాయలేదు. "ఒక పెండ్లిలో పిల్ల" అంట! పెండ్లికొడుకు ఎవరో నాకు చెప్పాలా? అమ్మ ఈ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చింది.

సరే, ఆడవాళ్ళ పని గురించి నువ్వు ఒక్క ముక్కతో సరిపెట్టినావు. అందుకే వచ్చే ఆదివారం కరియమ్మవ్వ దగ్గరికి పోతున్నా. అవ్వతో కలిసి గంపలు మోసిన మనిషి. నీ వాకిట్లో నిలబడి కేకేస్తే పలికేంత దగ్గరలో ఉంటుంది. అయినా, అవ్వ పోయిన ఈ ఆరేండ్లలో మీరిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోగా నేను చూడలేదు. చర్చి దగ్గర ఎదురుపడితే నువ్వు చెప్పులు చూసుకుంటావు, ఆమె కొండను చూస్తుంది. కొట్లాడుకున్నారా?

అడగకూడనిది అడిగినట్లయితే చెప్పకు. కానీ జవాబు మాత్రం వ్రాయి.

వినీల


ఎర్రగుడ్డ క్యాంపు
మార్చి

అమ్మా వినీలా,

కొట్లాట లేదు. మాట కూడా లేదు. మొదటి నుంచీ అంతే. ఆమె నాకు ఏదైనా చెప్పాలంటే మీ అవ్వతో చెప్పేది. మీ అవ్వ నాతో చెప్పేది. నేను ఊ అంటే ఆ ఊ కూడా మీ అవ్వే తీసుకుపోయి ఇచ్చేది. మధ్య మనిషి పోయింది. దారి పోయింది. ఆమెను ఏమని పిలవాలో కూడా నాకు తెలియదు. ఎన్నడూ పిలిచే పని పడలేదు.

జత అంటే ఏమిటో నీకు తెలిసి ఉండదు. ఇనుపరాయి చూసేదానికి కొంచెంగా ఉంటుంది. బరువు మోసినవాళ్ళకే తెలుసు. నిండిన గంపను ఎవరూ తనంతట తాను నెత్తికెత్తుకోలేరు. అందుకని ఇద్దరు ఆడవాళ్ళు జత కట్టేది. ఒకామె నింపి ఎత్తుతుంది, ఇంకొకామె మోస్తుంది. అలసినప్పుడు మార్చుకుంటారు. నెత్తి మీద గంప కింద గుడ్డచుట్ట పెట్టుకుంటారు. దాన్ని ఇక్కడ సింబి అంటాము. ఒకసారి జత కుదిరితే చచ్చేదాకా అదే జత.

మగవాళ్ళు ఆడవాళ్ళ గంప ఎత్తేది లేదు. తిప్పన్న మేస్త్రీ ఒకసారి జాలిపడి ఒకామెకు ఎత్తినాడు. ఆ తర్వాత ఆడవాళ్ళంతా ఆయనను తిప్పక్కా, తిప్పక్కా అని పిలిచినారు. ఆయన పని మానుకొని కంప్లి పోయి అంగడి పెట్టుకున్నాడు. అక్కడికీ ఆ పేరు పోయింది.

మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు కరియమ్మ మీ అవ్వ గంపను వెలితిగా నింపేది. కింద ఖాళీ, పైన పెద్ద బెడ్డలు. చూసేవాళ్ళకు నిండు గంప. ఇది నేను చూసినాను. చూడనట్లు ఉన్నాను.

కరియమ్మ దగ్గరికి పో. ఆమె దగ్గర మాటలు ఉన్నాయి.

లారీలకు రోడ్డు చాలడం లేదని వెడల్పు చేస్తారంట. రోడ్డు వరుస ఇండ్లకు సున్నంతో గుర్తులు వేసినారు. మాది చర్చి వరుస, తప్పింది. కరియమ్మ ఇంటికి గుర్తు ఉంది. ఆమె అన్న కొడుకు హులిగప్ప కంప్లి నుంచి వచ్చి చూసి పోయినాడు. తీసుకుపోతాడంట.

పొద్దున లేచేసరికి మా వాకిట్లో నీళ్ళు చల్లి ఉంటాయి, దుమ్ము లేవకుండా. ఎవరిని అడగాలో తెలియక అడగలేదు.

తాత


బళ్ళారి
మార్చి

తాతా,

కరియమ్మవ్వ దగ్గర మాటలు ఉన్నాయన్నావు. అబ్బ, ఉన్నాయా! మిషన్లో టేపు అయిపోయినా ఆమె ఆగలేదు. కొన్ని ఉన్నవి ఉన్నట్లు కాగితం మీద పెట్టినాను. నువ్వు చదవాలి. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

"ఏంది, దీంట్లోకి మాట్లాడల్లా? మాటల్ని తింటుందా ఇది? సరే, తిననీ.

నాది సిరిగేరి. అందరూ కాలవ కింద వరి అంటారు. మాకు యాడిది భూమి? పక్కోళ్ళ మళ్ళల్లో నాట్లేస్తాంటి. మొగుడు పోయినంక అత్తింట్లో కూడు పెట్టలా. కొండకు పోతే పని ఉండాది అంటే వస్తి. మొదటి దినము నాకు గంప ఎత్తేవాళ్ళు లేరు. అందరికీ జత ఉండాది. నేను గంప నింపుకొని చేలో దిష్టిబొమ్మ మాదిరి నిలబడితి. అప్పుడు వచ్చె మీ అవ్వ. వాళ్ళు ఏసు వాళ్ళు. మా కులమోళ్ళు మూతి తిప్పిరి. 'వాళ్ళ చెయ్యి తగిలింది నెత్తికెత్తుకుంటావా?' అనిరి. 'అట్లయితే మీరు రాండి, ఎత్తండి' అంటి. ఒక్కరూ కదల్లా. అంతే. ఆపొద్దునుంచి అది నాకు ఎత్తె, నేను దానికి ఎత్తితి. అది ప్రభువా అంటాండె, నేను మా అమ్మవారిని తలచి హులిగెమ్మా అంటాంటి. గంప లేస్తాండె. ఎవురు ఎత్తిరో ఏమో. ఇద్దరూ వచ్చిండొచ్చు, బరువు అట్లాంటిది.

హనోకప్పనా? మంచోడే. గోడ కూడా మంచిదే కదా, అట్ల. మీ అవ్వ నాతో అంటాండె, 'ఆయన ఊ అంటే సంతోషము, ఊఁ అంటే కోపము, నువ్వు నేర్చుకో' అని. నేను నేర్చుకోలా.

రాసుకుంటాండావా? ఇది కూడా రాసుకో. జతలో ఒకామె పోతే, పోయినామె పనిచీర చించి, సింబి చుట్టి, ఆ ఇంటోళ్ళు మిగిలినామెకు ఇస్తారు. నువ్వు ఈ ఇంటి మనిషివే, ఈ గడప నీదే అని. మా అమ్మలనాటి నుంచి వచ్చిన పద్ధతి అది. మీ అవ్వను మట్టి చేసి వచ్చి నేను వాకిట్లో కూర్చుంటి. హనోకప్ప బయటికొచ్చె. నా తట్టు చూసె. లోపలికి పోయె. ఇయ్యలేదు. ఏసు వాళ్ళకు ఆ పద్ధతి లేదేమో అనుకుందామంటే, మాతో గంపలు మోసిన మాణిక్యం పోయినప్పుడు వాళ్ళింటోళ్ళు ఇస్తిరి, వాళ్ళూ ఏసు వాళ్ళే. అంటే నన్ను ఆ ఇంటి లెక్కలో పెట్టలా. పోనీ. అడుక్కునేదా?

నీళ్ళు చల్లేది నేనే. అది మీ అవ్వ వాకిలి. దానికోసరము చల్తాండా, ఆయన కోసరము కాదు. రాసుకో, ఆయన కోసరము కాదు అని.

కంప్లికి పోతా, ఏం చేస్తా. హులిగప్ప మంచోడు. వాని పెండ్లాం కూడా మంచిదే, గోడ తట్టు తిరిగి కూడు పెడుతుంది. ఇష్టమా అంటే? ఇల్లు పడగొడితే యాడుంటా? ఈడ నాకు ఎవురుండారు?"

తాతా, ఆ చివరి మాట తర్వాత మిషన్లో మళ్ళీ లారీల హారన్లు మాత్రమే ఉన్నాయి, నీ దగ్గర పట్టినట్లే.

నిజమేనా? నువ్వు ఇవ్వలేదా?

వినీల


ఎర్రగుడ్డ క్యాంపు

వినీలా,

నీ ఉత్తరం అందింది. చదివినాను. తర్వాత వ్రాస్తాను.

తాత


ఎర్రగుడ్డ క్యాంపు
ఏప్రిల్

అమ్మా వినీలా,

ఇన్నాళ్ళు వ్రాయలేదు. వ్రాయాలని కూర్చుంటే మేక గుర్తొచ్చింది. నువ్వు చెప్పింది నిజమే. ఇప్పుడు కూర్చున్నాను.

ఇవ్వలేదు. నిజం.

మావాళ్ళలో సింబి ఇవ్వడం అంటే సెలవు ఇవ్వడం. నీ జత ముగిసింది, నువ్వు ఇంకొకరిని చూసుకో, మా ఇంటికి నువ్వు బాకీ లేవు, నీకు మేము బాకీ లేము అని. మాణిక్యం వాళ్ళు ఇచ్చినది అట్లాగే. ఆమె జత దాన్ని కళ్ళకద్దుకొని పోయి వేరే ఆమెతో కుదిరింది. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. తప్పు పట్టినవాళ్ళు లేరు. అందరమూ ఒక కొండ మీద ఒక పద్ధతి చేసినాము. వాళ్ళకు దాని అర్థం ఒకటి, మాకు ఒకటి అని ఎవరికీ తెలియలేదు. ఒకరినొకరు అడిగితే కదా.

ఆ దినం మీ అవ్వ పనిచీర చేతిలో పట్టుకొనే నేను బయటికి వచ్చినాను. నీలం నేతచీర. చించాలనే వచ్చినాను. వాకిట్లో కరియమ్మ కూర్చొని ఉంది. మోకాళ్ళ మీద తల పెట్టుకొని. ఈమెను నేను ఎట్లా పొమ్మనేది అనిపించింది. చేతులు రాలేదు. లోపలికి పోయి చీరను పెట్టెలో పెట్టినాను. ఉతకలేదు. మడతల్లో కొండ మట్టి అట్లాగే ఉంది.

పోవద్దు అనుకొని నేను చేసింది ఆమెకు పొమ్మన్నట్లు తగిలింది.

ఇప్పుడు నిజంగానే పోతుంది.

వెనక గది ఖాళీగా ఉంది. మీ అవ్వ కుట్టుమిషన్ పక్కకు జరపొచ్చు. గదికి వేరే తలుపు కూడా ఉంది. ఈ కాగితం తీసుకొని వచ్చి ఆమెకు చదివి వినిపించు. గది సంగతి కూడా చెప్పు. నేను చెప్పలేను. ఊళ్ళో ఏమంటారో అని కాదు. అది కూడా ఉంది. కానీ అది కాదు. రెండు సార్లు ఆమె ఇంటి దాకా పోయినాను. ఒకసారి ఆమె బయట జొన్నలు చెరుగుతూ "ఏమి?" అన్నది. నేను మేక ఇటు వచ్చిందా అని అడిగినాను. మేక నా వెనకాలే ఉంది.

తొందరగా రా.

తాత


బళ్ళారి
ఏప్రిల్

తాతా,

ఈ పనికి నేను రాను. చదవను.

కోపం తెచ్చుకోకు. ఆలోచించే చెప్తున్నా. ఇన్నేండ్లు అవ్వ మోసింది మీ ఇద్దరి మాటలు. ఇప్పుడు ఆ పని నాకు పెడతావా? వాకిట్లోంచి కేకేస్తే వినపడే మాటను బళ్ళారి నుంచి బస్సులో తెచ్చి ఇయ్యాలా? నేను చదివితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు. "అట్లనా, ఆయనకు నోరు లేదా?" అంటుంది. అనాలి కూడా.

అమ్మకు నీ ఉత్తరం చూపించినాను. ముందు ఏడ్చింది. మేక నీ వెనకాలే ఉంది అన్న చోట నవ్వింది. తర్వాత ఇట్లా చెప్పమన్నది: "నేను పుట్టినప్పుడు ముందు నన్ను ఎత్తుకున్నది కరియమ్మే. ఆమె మా ఇంట్లో ఉంటే ఎవురన్నా ఏమన్నా అంటే, వాళ్ళను బళ్ళారికి నా దగ్గరికి పంపు నాయనా." అమ్మ సంగతి నీకు తెలుసు కదా. ఎవరూ రారు.

హులిగప్ప శనివారం పొద్దున బస్సుకు వస్తాడని కరియమ్మవ్వే ఫోన్ చేయించి చెప్పింది. నన్ను ఒకసారి చూసి పోవాలని ఉందంట. నేను ఆదివారం వస్తానన్నాను. "ఆదివారానికి నేను యాడుంటానో" అన్నది.

నువ్వు ఎక్కువ మాట్లాడే పని లేదు తాతా. చీర ఉంది కదా నీ దగ్గర. ఆమెకు దాని అర్థం ఏమిటో ఇప్పుడు నీకు తెలుసు కదా.

వినీల


ఎర్రగుడ్డ క్యాంపు
శనివారం

అమ్మా వినీలకు, మీ అమ్మ లోయిస్‌కు, హనోకు దీవెనలు.

పొద్దున పెట్టె తెరిచి చీర తీసినాను. చించేటప్పుడు ఎర్రదుమ్ము లేచింది. దగ్గు వచ్చింది. సింబి చుట్టడం మగవాళ్ళకు రాదు. చుట్టిన కొద్దీ ఊడింది. చివరకు మేక తాడు మాదిరి మెలివేసి కట్టినాను.

పోయేసరికి ఆమె రోడ్డు పక్కన రేకుపెట్టె మీద కూర్చొని ఉంది. ఇంటికి తాళం కూడా వేయలేదు. హులిగప్ప అవతల హోటల్లో టీ తాగుతున్నాడు. నీళ్ళ ట్యాంకరు వచ్చి ఉంది. ఆడవాళ్ళంతా బిందెలతో అక్కడే ఉన్నారు. ఎవరూ లేనప్పుడు పోదామనుకున్నాను. అట్లాంటి సమయం ఈ ఊళ్ళో లేదు.

నేను పోయి నిలబడినాను. ఆమె చూసింది.

"ఏమప్పా, మేక మళ్ళీ తప్పిపోయిందా?" అన్నది.

సింబి చేతికి ఇచ్చినాను. తిప్పి చూసింది. అంచు పట్టుకొని చూసింది. మట్టిని గోటితో గీకి చూసింది.

"ఇది దాని నీలం చీర" అన్నది.

ఊ అన్నాను.

"ఇప్పుడా ఇచ్చేది? పెట్టె కట్టుకున్నంకనా?" సింబిని ఒళ్ళో పెట్టుకున్నది. "సెలవా ఇది? మాణిక్యమోళ్ళు ఇచ్చినట్లా? ఆమె జత మళ్ళీ ఆ గడప తొక్కలేదని నేనూ విన్యా. మొన్న కూర్చొని ఆలోచన చేస్తి. మీ ఏసు వాళ్ళలో ఇది సెలవేనేమో అని."

ఆమెకు కూడా తెలిసింది చూడమ్మా. ఇంక ఊ అంటే సరిపోదు. ఊరుకున్నా సరిపోదు. ఇద్దరమూ పొరపాటు పడిన చోటికే మళ్ళీ వచ్చినాము. ట్యాంకరు దగ్గర బిందెలు చప్పుడు ఆపినాయి.

"మాది కాదు" అన్నాను. "మీ పద్ధతిలో ఇస్తున్నాను వదినా. వెనక గది ఖాళీగా ఉంది."

వదినా అని ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ముందుగా అనుకున్నది కాదు. వచ్చింది.

ఆమె రోడ్డు చూసింది. బస్సు వచ్చింది. లారీల వెనకాల నిలబడి హారన్ కొట్టింది. హులిగప్ప టీ గ్లాసు పెట్టి పరుగెత్తి వచ్చినాడు. అప్పుడు ఆమె లేచింది. సింబిని నెత్తి మీద పెట్టుకొని సరిచేసుకొని రేకుపెట్టె ముందర నిలబడింది. నా తట్టు చూడకుండా అన్నది:

"ఎత్తు మరి. నిలబడి చూస్తాండావేంది?"

నేను వంగినాను. నాకు ప్రభువా అని వచ్చింది. ఆమె హులిగెమ్మా అన్నది. పెట్టె లేచింది.

హులిగప్ప, "అత్తా, బస్సు ఆ తట్టు ఉండాది, యాడికి పోతాండావు?" అన్నాడు.

"బస్సు యాడుండాదో నాకు తెలుసు లేరా" అన్నది ఆమె. "వస్తాండావా, టీ తాగి పోదువు? మా ఇల్లు చర్చి వరుసలో." అని నడిచింది.

నేను వెనకాల నడిచినాను. పెట్టె ఒక పక్కకు వంగి ఉంది. నేను సరిగ్గా పెట్టలేదు. ట్యాంకరు దగ్గర ఒకామె ముందు మెల్లగా, తర్వాత అందరూ కలిసి, "హనోకక్కా!" అన్నారు. నేను చెప్పులు చూసుకుంటూ పోయినాను. కరియమ్మ వెనక్కి తిరగకుండా వాళ్ళకు జవాబు చెప్పింది.

"అక్కే! ఎత్తేది మాత్రం రాదు. పక్కకు వంచినాడు. నేర్పిస్తాలే."

కుట్టుమిషన్ పక్కకు జరపలేదు. ఆమె ఉండనీ అన్నది. హులిగప్ప టీ తాగి పోయినాడు.

ఈ కాగితం సాయంత్రం బళ్ళారి బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. రేపు మిషన్ తీసుకొని రా. మేకకు పొద్దున్నే నీళ్ళు పెట్టి ఉంచుతాను.

తాత